చట్టం వెనక కాగితాలు: పార్లమెంట్ బిల్లులు, వాటి వివరణలు వెతికి పట్టుకోవడం ఎలా

హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6 తీసి ఒకసారి చదవండి. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతోనే కోపార్సనర్ (ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటాదారు) అని చెప్పాక కింద ఒక ప్రొవిజో, అంటే మినహాయింపు షరతు, ఉంటుంది, 2004 డిసెంబర్ 20కి ముందే అయిపోయిన అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు వీటి జోలికి ఈ మార్పు పోదు అని. సరే బానే ఉంది, కానీ ఈ సవరణ అమల్లోకి వచ్చింది 2005 సెప్టెంబర్ 9న కదా, మరి డిసెంబర్ 20 ఎక్కణ్ణుంచి ఊడిపడింది? చట్టం అట్ట నుంచి అట్ట దాకా తిరగేసినా జవాబు దొరకదు. బిల్లు తీస్తే ఒక్క నిమిషంలో దొరుకుతుంది, ఆ రోజే బిల్లుని రాజ్యసభలో పెట్టారు. బిల్లు వచ్చేసిందని తెలిసి గబగబా ఆస్తులు చేతులు మార్చేసే పని కుదరకుండా అక్కడే గీత గీశారన్నమాట.

లా చదివేవాళ్ళు, కొత్తగా ప్రాక్టీస్‌లోకి వచ్చినవాళ్ళు, సివిల్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు చాలామంది చట్టం పుస్తకం, నాలుగు తీర్పులు చూసి ఆపేస్తారు. ఆ సెక్షన్ అలా ఎందుకు రాశారు, ముందు ఎలా ఉండేది, ఎవరు వద్దన్నారు, మంత్రి ఏమని సమాధానం చెప్పారు, ఇదంతా కాగితాల మీద ఉంది, పైగా చాలా వరకు ఫ్రీగా ఆన్‌లైన్‌లోనే ఉంది, కాకపోతే నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా పడుంది అంతే. నేను వెతికే పద్ధతి చెప్తాను, ఈ 2005 సవరణనే పట్టుకుని వెళ్దాం.

ముందు చట్టం నుంచి వెనక్కి నడవండి

బిల్లు పేరు గూగుల్‌లో కొట్టి మొదలెట్టకండి. ఇండియా కోడ్ సైట్‌లో (చట్టాలన్నీ పెట్టే ప్రభుత్వ సైట్) చట్టం తెరిచి ఆ సెక్షన్ కింద ఉన్న ఫుట్‌నోట్ చూడండి. సెక్షన్ 6 దగ్గర, 2005లోని 39వ చట్టం మూడో సెక్షన్ ద్వారా మార్చారు, 9-9-2005 నుంచి అమలు, అని పొట్టి అక్షరాల్లో ఉంటుంది. చాలామంది దాటేసే ఆ చిన్న లైనే మీ తాళంచెవి, ఎందుకంటే ఏ సవరణ చట్టం, ఏ నంబరు, ఏ ఏడాది అన్నీ అందులోనే ఉన్నాయి. అది నోట్ చేస్కున్నాకే బిల్లు వేటకి బయల్దేరాలి.

ఇక్కడే మొదటి గుంట. చట్టం పేరులో 2005 ఉంది కాబట్టి 2005 బిల్లుల లిస్టులో వెతుకుతారు, దొరకదు, ఆన్‌లైన్‌లో పెట్టలేదేమో అని వదిలేస్తారు. బిల్లు పెట్టింది 2004లో కాబట్టి దాని పేరు హిందూ వారసత్వ సవరణ బిల్లు 2004, పాస్ అయ్యే ఏడాది మారితే పేరులో ఏడాది కూడా మారిపోతుంది. అందుకే చట్టం ఏడాదితో పాటు వెనక రెండు మూడేళ్ళు కూడా చూడండి.

రాజ్యాంగ సవరణల్లో అయితే నంబరే మారిపోతుంది. జీఎస్టీ తెచ్చింది 122వ సవరణ బిల్లు, అది పాస్ అయ్యాక 101వ సవరణ చట్టం అయింది. 2023లో మహిళా రిజర్వేషన్ కోసం పెట్టింది 128వ సవరణ బిల్లు, చట్టం మాత్రం 106వది. బిల్లులన్నీ గట్టెక్కవు కదా, అందుకని వాటి లెక్క వేరు, చట్టాల లెక్క వేరు. అదే మహిళా రిజర్వేషన్ కోసం అంతకుముందు 2008లో పెట్టిన 108వ సవరణ బిల్లు 2010 మార్చిలో రాజ్యసభలో పాస్ అయింది కూడా, లోక్‌సభలో కదల్లేదు, 2014లో సభ రద్దవగానే ల్యాప్స్ అయిపోయింది, అంటే చెల్లకుండా పోయింది. ఇలా మధ్యలో పోయిన బిల్లుల్ని కూడా వదలకండి, తర్వాత వచ్చిన చట్టంలో ఏది ఉంచారు ఏది తీసేశారు అని పోల్చడానికి అవే పనికొస్తాయి.

బిల్లు ఎక్కడ దొరుకుతుంది

ఇప్పుడు రెండు సభల సైట్లూ సంసద్ డాట్ ఇన్ కిందకి వచ్చేశాయి. అందులో లెజిస్లేషన్ కింద బిల్స్ అని ఉంటుంది, పేరు, ఏడాది, మంత్రిత్వ శాఖ పెట్టి వెతకొచ్చు. బిల్లు నంబరు చూడగానే అది ఏ సభలో పుట్టిందో తెలిసిపోతుంది. లోక్‌సభ బిల్లులకి మామూలు అంకెలు వేస్తారు, రాజ్యసభలో పెట్టినవాటికి రోమన్ అంకెలు. పాత తీర్పుల్లో ఏదైనా బిల్లు నంబరు రోమన్‌లో కనిపిస్తే నేరుగా రాజ్యసభ వైపు వెళ్ళిపోండి.

ఒక్కో బిల్లుకి ఒకటి కంటే ఎక్కువ పీడీఎఫ్‌లు ఉంటాయి, ప్రవేశపెట్టినప్పటిది, కమిటీకి వెళ్ళి మారితే ఆ రూపం, ఒక సభ పాస్ చేసినది, రెండు సభలూ పాస్ చేసినది. అన్నీ దించుకోండి, బద్ధకించొద్దు. మన 2005 సవరణలోనే చూడండి, మొదట పెట్టిన బిల్లు వ్యవసాయ భూమి సంగతి చూసే సెక్షన్ 4(2)ని ముట్టుకోలేదు, పాస్ అయిన చట్టం దాన్ని తీసేసింది. ఊళ్ళల్లో ఆస్తి అంటేనే పొలం కదండీ, అంత పెద్ద మార్పు మధ్యలో ఎక్కడో జరిగింది. చివరి రూపం ఒక్కటే చదివితే అసలు అలాంటి మార్పు ఒకటి జరిగిందనే మీకు తెలీదు.

వెర్షన్ చూస్కోకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. 2023 ఆగస్టు 11న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత బిల్లు పెట్టారు, అది స్టాండింగ్ కమిటీకి (బిల్లుల్ని పరిశీలించే ఎంపీల కమిటీ) వెళ్ళింది, డిసెంబర్ 12న దాన్ని వెనక్కి తీసుకుని అదే పేరుకి సెకండ్ అని తగిలించి కొత్త బిల్లు పెట్టారు, చట్టమైంది ఈ రెండోది. నేను ఆగస్టు పీడీఎఫ్ డౌన్‌లోడ్స్‌లో పెట్టుకుని ఉన్నాను, చట్టం వచ్చాక ఒక నోట్ తయారుచేస్తూ అందులోంచే హత్యకి శిక్ష సెక్షన్ 101 అని రాసి మా సీనియర్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, అమ్మా, 101లో హత్య అంటే ఏంటో ఉంది గానీ శిక్ష లేదే అన్నారు. శిక్ష చట్టంలో 103కి జరిగింది, మధ్యలో రెండు క్లాజులు (బిల్లులో సెక్షన్‌ని క్లాజు అంటారు) పెరిగాయి, మొత్తం 356 ఉన్నది 358 అయింది. ఆయన ఇంకేం అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పట్నుంచి పీడీఎఫ్ సేవ్ చేసేటప్పుడే పేరులో తారీకు, ఇంట్రడ్యూస్డా పాస్డా అనేది రాసి పెడుతున్నాను.

బిల్లు వెనక పేజీలే అసలు సరుకు

పీడీఎఫ్ తెరవగానే క్లాజులు చదవడం మొదలెట్టకుండా చివరికి వెళ్ళండి. అక్కడ మొదట కనిపించేది స్టేట్‌మెంట్ ఆఫ్ ఆబ్జెక్ట్స్ అండ్ రీజన్స్, అందరూ ఎస్ఓఆర్ అంటారు, ఈ బిల్లు ఎందుకు తెస్తున్నామో ప్రభుత్వం ఒకటి రెండు పేజీల్లో చెప్పుకునే మాట, కింద మంత్రి పేరు, తారీకు ఉంటాయి. 2004 బిల్లు ఎస్ఓఆర్‌లో మన రాష్ట్రం పేరు ఉంటుంది తెలుసా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఇప్పటికే కూతుళ్ళకి సమాన హక్కు ఇచ్చాయి, కేరళ ఏకంగా ఉమ్మడి కుటుంబ పద్ధతినే 1975 చట్టంతో రద్దు చేసింది అని రాశారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుంటే ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణకి వెళ్తారు, 1986లోని 13వ చట్టం, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు, సెక్షన్ 29ఏ. అందులో అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి హక్కు లేదు, కేంద్ర సవరణలో ఆ మెలిక లేదు. ఇంట్లో అక్కకి రాక చెల్లికి వచ్చిందేంటి అని అడిగే క్లయింట్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు, దానికి మూలం ఇక్కడుంది.

ఎస్ఓఆర్ తర్వాత నోట్స్ ఆన్ క్లాజెస్ ఉంటే మీ అదృష్టం, ఒక్కో క్లాజు దేనికో విడివిడిగా చెప్తారు. అన్ని బిల్లులకీ ఉండదు, ఉన్నా కొన్నింటిలో క్లాజునే తిప్పి రాసి వదిలేస్తారు. ఫైనాన్షియల్ మెమొరాండంలో ఖర్చు లెక్క ఉంటుంది, కొత్త అథారిటీ, ట్రిబ్యునల్ పెట్టే బిల్లులైతే చదవండి. డెలిగేటెడ్ లెజిస్లేషన్ మెమొరాండం మాత్రం ఎవరూ చూడరు గానీ రూల్స్ మీద కేసు ఉంటే మంచి ఆయుధం, ఏయే విషయాల్లో రూల్స్ చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తున్నామో అందులో చెప్పాలి, రూల్ ఆ హద్దు దాటిందని వాదించడానికి పనికొస్తుంది. సవరణ బిల్లు అయితే ఆఖర్లో అనెగ్జర్ ఉంటుంది, పాత సెక్షన్ అప్పటికి ఎలా ఉందో యథాతథంగా ఇస్తారు, పాత పుస్తకాల షాపుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

కమిటీ రిపోర్టు, ఇక్కడ ఓపిక కావాలి

శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు మొత్తం 24, అందులో 16 లోక్‌సభ చూస్తుంది, 8 రాజ్యసభ చూస్తుంది. ఒక్కో కమిటీలో 31 మంది, 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ. ఇది పరీక్ష కోసం చెప్పట్లేదు, రిపోర్టు ఎక్కడ వెతకాలో దీన్ని బట్టే ఉంటుంది. హోం శాఖ కమిటీ, లా అండ్ జస్టిస్ చూసే కమిటీ రెండూ రాజ్యసభవి, కాబట్టి న్యాయ సంహిత బిల్లు లోక్‌సభలో పెట్టినా దాని మీద వచ్చిన 246వ రిపోర్టు రాజ్యసభ కమిటీల పేజీలో దొరుకుతుంది. నేను మొదట్లో లోక్‌సభ వైపు ఒక పూటంతా వెతికి లేదనుకున్నా.

రిపోర్టు వందల పేజీలు ఉందని భయపడకండి. చివర్న డిసెంట్ నోట్లు ఉంటాయి, ఒప్పుకోని సభ్యులు ఎందుకు ఒప్పుకోలేదో రాసిస్తారు, ముందు అవే చదవండి, గొడవ ఎక్కడుందో తెలిసిపోతుంది. తర్వాత వెనక్కొచ్చి మీ క్లాజు మీద కమిటీ ఏం సిఫార్సు చేసిందో చూసి, దాన్ని చివరి చట్టంతో పోల్చండి. వ్యభిచారాన్ని ఆడా మగా తేడా లేకుండా నేరంగా మళ్ళీ పెట్టమని ఆ 246వ రిపోర్టు చెప్పింది, రెండో బిల్లులో అది రాలేదు. అడిగాక కూడా పెట్టలేదంటే ఏదో మర్చిపోయారని వాదించడం కష్టం, కావాలనే వదిలేశారు అనే వాదనకి బలం వస్తుంది. పాస్ అయినదానికంటే వద్దనుకున్నది ఒక్కోసారి ఎక్కువ మాట్లాడుతుంది.

బిల్లు పుట్టకముందు కాగితాలు కూడా ఉంటాయి. మన సవరణకి మూలం లా కమిషన్ (చట్టాల మార్పుల మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే సంస్థ) 174వ రిపోర్టు, 2000 మే నెలలో ఇచ్చారు, అప్పుడు కమిషన్ చైర్మన్ మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. రాష్ట్రాలు తెచ్చిన మార్పులన్నీ ఒకచోట పెట్టి బేరీజు వేసి, ఆఖర్న ముసాయిదా బిల్లు కూడా జత చేశారు. లా కమిషన్ సైట్‌లో రిపోర్టులన్నీ నంబరు వరసలో ఉంటాయి.

చర్చలు: ప్రత్యేక హోదా ఎక్కడుంది?

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 2014, అంటే 2014లోని 6వ చట్టం తీస్కోండి. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్ళు. పదేళ్ళు ఉమ్మడి రాజధాని సెక్షన్ 5లో ఉంది, పోలవరం సెక్షన్ 90లో ఉంది, విద్యా సంస్థలు, పోర్టు, స్టీల్ ప్లాంట్ ఇవన్నీ 13వ షెడ్యూల్లో ఉన్నాయి. ప్రత్యేక హోదా మాత్రం ఏ సెక్షన్‌లోనూ ఉండదు. టీవీ చర్చల్లో పదేళ్ళపాటు చట్టంలో ఇచ్చిన హోదా, చట్టంలో ఇచ్చిన హోదా అని వింటూ పెరిగినవాళ్ళకి ఇది నమ్మబుద్ధి కాదు.

అది ఉన్నది 2014 ఫిబ్రవరి 20 నాటి రాజ్యసభ చర్చలో. ఆ రోజు ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో, 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కి కేంద్ర సాయం విషయంలో అయిదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామని చెప్పారు. సభలో ఇచ్చిన హామీ వేరు, చట్టంలో రాసిన మాట వేరు, రెండిటికీ బలం ఒకటి కాదు. రాజకీయం సంగతి పక్కన పెడితే ఏ మాట ఏ కాగితంలో ఉందో చూస్కోమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు.

వెతకడానికి కావాల్సింది తారీకు. ఈ బిల్లుకైతే ఫిబ్రవరి 13న లోక్‌సభలో ప్రవేశం, 18న లోక్‌సభ ఆమోదం, 20న రాజ్యసభ ఆమోదం, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం. తారీకు తెలిస్తే సంసద్ సైట్‌లో ఆ రోజు డిబేట్ తెరవడమే, పాతవి కావాలంటే పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో లోక్‌సభ చర్చలు మొదటి లోక్‌సభ నుంచీ ఉన్నాయి, రాజ్యసభకి విడిగా డిబేట్ల ఆర్కైవ్ ఉంది. 18వ తారీకు టీవీ లైవ్ ఆగిపోయింది గుర్తుందా, చర్చ రికార్డు మాత్రం ఆగలేదు, ప్రతి రెండు లైన్లకీ ఇంటరప్షన్స్ అని పడుతూ ఉంటుంది అంతే.

డిబేట్లు చదివేటప్పుడు కొన్ని చూస్కోవాలి. అన్‌కరెక్టెడ్ అని ఉన్న రూపం తొందరగా వస్తుంది, కోర్టులో పెట్టేదానికి మాత్రం ఎడిట్ అయిన రూపం కోసం ఆగండి. సభ్యుడు తెలుగులో మాట్లాడితే అక్కడ నక్షత్రం (*) గుర్తు పెట్టి తెలుగు ప్రసంగానికి ఇంగ్లిష్ అనువాదం అని కింద వేస్తారు, అంటే మీరు చదివేది ఆయన సొంత మాట కాదు, కోట్ చేస్తే ఆ సంగతి రాయండి. పాత స్కాన్లలో టెక్స్ట్ సెర్చ్ సరిగా పనిచెయ్యదు, పదం కొట్టి లేదనుకోకుండా విషయసూచిక నుంచి పేజీకి వెళ్ళండి. ఇంకోటి, మంత్రి జవాబు చర్చ చివర్లో ఉంటుంది, టైం లేకపోతే బిల్లు పెడుతూ చెప్పిన మాటలు, చివరి జవాబు ఈ రెండూ చదివితే చాలావరకు సరిపోతుంది.

గెజిట్

ఈ-గెజిట్ సైట్‌లో భారత గెజిట్ రెండో భాగం గుర్తుపెట్టుకోండి, సెక్షన్ 1లో చట్టాలు, సెక్షన్ 2లో బిల్లులు, సెక్షన్ 3లో రూల్సు, నోటిఫికేషన్లు. చట్టం వచ్చింది కదా అని అమల్లో ఉందనుకోకండి. న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమలు అని నోటిఫికేషన్ ఇచ్చారు గానీ అందులోనే 106(2)ని పక్కన పెట్టారు, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయిన డ్రైవర్లకి పదేళ్ళ దాకా శిక్ష అని లారీ డ్రైవర్లు సమ్మె చేశారే, అది. పుస్తకంలో ఉంటుంది, అమల్లోకి తేలేదు. ఇది గెజిట్ నోటిఫికేషన్ చదివినవాడికే తెలుస్తుంది.

ఇవన్నీ కోర్టులో చెల్లుతాయా

చెల్లుతాయి, కానీ హద్దుంది. సెక్షన్ భాష స్పష్టంగా ఉంటే వెనక కాగితాలతో దాన్ని మార్చలేరు. ఎస్ఓఆర్‌ని చట్టం వచ్చిన నేపథ్యం, ఏ ఇబ్బంది తీర్చడానికి తెచ్చారు అనేది చూపించడానికి వాడొచ్చు, పదానికి అర్థం ఇదే అని తేల్చడానికి కాదు, ఈ మాట సుప్రీంకోర్టు 1962లో పశ్చిమ బెంగాల్ కేసులోనే చెప్పింది. మంత్రి ప్రసంగం గురించి 1981 కె.పి. వర్గీస్ తీర్పు చూడండి, బిల్లు పెట్టిన మంత్రి ఎందుకు తెస్తున్నామో చెప్పిన మాటకి విలువ ఇచ్చారు, మామూలు సభ్యుడు ఆవేశంగా అన్నదానికి ఆ విలువ ఉండదు. కమిటీ రిపోర్టుల మీద 2018 కల్పనా మెహతా తీర్పు ఉంది, రాజ్యాంగ ధర్మాసనం, రిపోర్టుని కోర్టు చూడొచ్చు గానీ రిపోర్టు తప్పని కోర్టులో సవాలు చెయ్యడం కుదరదు అంది.

పీఆర్ఎస్ సైట్ (బిల్లుల్ని విశ్లేషించే ఒక ప్రైవేటు పరిశోధన సంస్థది) గురించి అడుగుతారని తెలుసు. నేనూ రోజూ వాడతాను, బిల్లు, కమిటీ రిపోర్టు, చట్టం అన్నీ ఒకే పేజీలో పెడతారు, క్లాజులవారీ సారాంశం కూడా బాగుంటుంది. దారి కనుక్కోవడానికి వాడండి, కోట్ మాత్రం అసలు కాగితం నుంచే తియ్యండి.

రాష్ట్ర బిల్లులు, కాస్త తలనొప్పి

పద్ధతి ఇదే గానీ కాగితం దొరకడమే కష్టం. రెండు రాష్ట్రాల శాసనసభలకీ సైట్లు ఉన్నాయి, ఈమధ్య బిల్లులు దొరుకుతాయి, వెనక్కి వెళ్ళేకొద్దీ ఖాళీలు వస్తాయి. రాష్ట్ర గెజిట్‌లో చట్టాలు నాలుగో భాగం బి విభాగంలో వస్తాయి. 2014 జూన్ 2కి ముందు చట్టమైతే అది ఉమ్మడి రాష్ట్రానిది, తెలంగాణకి ఎలా వర్తిస్తుంది అనే ప్రశ్నకి పునర్విభజన చట్టం సెక్షన్ 100, 101 చూసి, తర్వాత తెలంగాణ దాన్ని అడాప్ట్ చేస్కుంటూ ఇచ్చిన ఉత్తర్వు వెతకండి, పేరులో ఆంధ్రప్రదేశ్ తీసి తెలంగాణ పెట్టినవే చాలా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో లేకపోతే అసెంబ్లీ లైబ్రరీ, హైకోర్టు బార్ లైబ్రరీ, యూనివర్సిటీ లా కాలేజీ లైబ్రరీ ఈ మూడిట్లో ఎక్కడో ఒకచోట పాత బైండింగులు ఉంటాయి. లైబ్రేరియన్‌ని మర్యాదగా అడగండి, ఏ అలమరలో ఏముందో ఆయనకి తెలిసినంత ఏ సెర్చ్ బాక్సుకీ తెలీదు, వెళ్ళేటప్పుడు మాత్రం చట్టం నంబరు, ఏడాది, గెజిట్ తారీకు చీటీ మీద రాసుకెళ్ళండి.

చివరిగా లింకుల సంగతి. పాత లోక్‌సభ, రాజ్యసభ సైట్ల లింకులు పాత తీర్పుల్లో, వ్యాసాల్లో బోలెడు కనిపిస్తాయి, ఇప్పుడు నొక్కితే చాలావరకు తెరుచుకోవు. ఆ అడ్రస్ కాపీ చేసి వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీల కాపీలు దాచే సైట్) పెట్టి చూడండి, ఒక్కోసారి పీడీఎఫ్‌తో సహా దొరుకుతుంది. మీకు దొరికినదాన్ని లింకుగా కాకుండా ఫైల్‌గా దాచుకోండి, ఒక్కో బిల్లుకి ఒక ఫోల్డర్, లోపల లా కమిషన్ రిపోర్టు, ప్రవేశపెట్టిన బిల్లు, కమిటీ రిపోర్టు, రెండు సభల చర్చలు, గెజిట్‌లో వచ్చిన చట్టం, అమలు నోటిఫికేషన్, ముందు తారీకు వేసి పేరు పెడితే వాటంతటవే వరసలో కూర్చుంటాయి.